మొదటి మ్యాచ్‌లోనే త్రోకి ఆఫ్‌సైడ్ ఇచ్చేశా. వచ్చే ఆదివారం వెళ్ళాలా, మానేయాలా?

కొత్తఈల
ఫుట్‌బాల్ రెఫరీ కోర్సు అయి మూడు వారాలు. ఈ రోజు పొద్దున మొదటి మ్యాచ్, అండర్-11. అసిస్టెంట్లు లేరు, నేనొక్కడినే. కిక్కాఫ్‌కి ఊదిన ఈల పిల్లికూన అరిచినట్టు వచ్చింది. సెంటర్ సర్కిల్‌లో పిల్లలు ఆట మొదలైందా లేదా అని నా మొహం చూశారు. ఫస్టాఫ్ ఎలాగో గడిచింది.

సెకండాఫ్‌లో 2-2 ఉండగా ఒక త్రో (పక్క గీత దాటిన బంతిని చేతులతో లోపలికి విసరడం). 10వ నంబర్ పిల్లాడు డిఫెండర్లందరి వెనకా ఒక్కడే నిలబడి ఉన్నాడు. త్రో నేరుగా వాడి కాళ్ళ దగ్గర పడింది. గోలీని (గోల్‌కీపర్ని) తప్పించి కొట్టాడు, గోల్. అవతలి కోచ్, ఆ వైపు పేరెంట్స్ అందరూ ఒకే గొంతుతో "ఆఫ్‌సైడ్!" అన్నారు (బంతి అందించే క్షణానికే డిఫెండర్లను దాటి గోల్ దగ్గర కాచుకుని ఉండటం). నా చెయ్యి దానంతటదే లేచింది. ఊదేశా. ఫ్రీ కిక్ ఇచ్చా, వాళ్ళు కొట్టేశారు కూడా.

అప్పుడు ఆ పిల్లాడు నా పక్కనుంచి పరిగెడుతూ "సార్, త్రోకి ఆఫ్‌సైడ్ ఉండదు కదా?" అన్నాడు. కోపంగా కాదు, నిజంగా తెలుసుకుందామనే అడిగాడు. నా కాళ్ళలో సత్తువ పోయింది. కోర్సు పరీక్షలో సరిగ్గా ఆ ప్రశ్నే వచ్చింది, కరెక్టుగానే రాశాను!

ఆ పిల్లాడి టీమ్ 3-2తో ఓడిపోయింది. వాడి నాన్న గేటు దాకా నా వెంటే వచ్చాడు. ఆయనన్న మాటలు ఇక్కడ రాయను. వచ్చే ఆదివారం అండర్-13 మ్యాచ్ వేశారు. వస్తానని ఇంకా చెప్పలేదు. ఏం చేయమంటారు?

గడ్డిమీదనీడ
వస్తానని ఇప్పుడే మెసేజ్ పెట్టు. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

మూడోసగం
పిల్లికూన ఈలైనా వచ్చింది నీకు. నేను విజిల్ తిరగేసి నోట్లో పెట్టుకున్నా, ఉత్త గాలే వచ్చింది.

రూల్‌బుక్‌రాజు
11వ నియమం. త్రో-ఇన్, గోల్ కిక్, కార్నర్ కిక్, ఈ మూడింటి నుంచి బంతి నేరుగా అందుకుంటే ఆఫ్‌సైడ్ లేదు. అది నీకూ తెలుసు కాబట్టి వదిలేస్తున్నా.

నీకు పనికొచ్చేది 5వ నియమం. ఆట మళ్ళీ మొదలయ్యేదాకా నిర్ణయం మార్చుకోవచ్చు, మొదలయ్యాక కుదరదు. నువ్వు చెప్పినదాన్ని బట్టి బంతి లోపలికి వెళ్ళాకే ఊదావు. అంటే ఫ్రీ కిక్ కొట్టకముందు నీకు గుర్తొచ్చుంటే ఆ గోల్ ఇచ్చేయొచ్చు. బంతి గీత దాటకముందే ఊదుంటే మాత్రం ఆట అక్కడే ఆగిపోయినట్టు, గోల్ ఇవ్వడానికి లేదు. అందుకే ఈల ఎంత ఆలస్యంగా ఊదితే అంత మంచిది.

పెద్దబూట్లు
రాజుగారి ఆఖరి వాక్యం గోడకి రాసిపెట్టుకో. కొత్తవాళ్ళందరిదీ ఇదే జబ్బు, విజిల్ పళ్ళ మధ్య పెట్టుకుని పరిగెడతారు. ఎవరైనా అరిస్తే ఉలిక్కిపడి ఊదేస్తారు. విజిల్ చేతిలో ఉంచుకో. చెయ్యి నోటి దాకా వచ్చేలోపు అర సెకను దొరుకుతుంది. నా తప్పుల్లో సగం ఆ అర సెకనులోనే ఆగిపోయాయి.

టచ్‌లైన్‌అమ్మ
మీరంతా నవ్వుకుంటున్నారు, సరే. అవతలి వైపు నుంచి ఒక మాట. మా అమ్మాయి గోలీ. పోయిన సీజన్‌లో ఒకసారి బంతి మీదకే దూకింది, బంతే పట్టుకుంది, అవతలి పిల్ల ఈమె మీద తూలి పడింది. పెనాల్టీ ఇచ్చారు. అది గోలైంది, మ్యాచ్ పోయింది. ఇంటికి వచ్చేదాకా గ్లవ్స్ తీయలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తప్పులు ఎవరైనా చేస్తారు. ఆ రెఫరీ మ్యాచ్ అయ్యాక దాని వైపు ఒక్కసారి కూడా చూడకుండా బ్యాగు సర్దుకుని వెళ్ళిపోయాడు, అదీ నాకు బాధ. మీ 10వ నంబర్ పిల్లాడితో ఏమైనా మాట్లాడారా?

కొత్తఈల
లేదండీ. వాళ్ళ నాన్న కనపడేసరికి తల దించుకుని నడిచేశా.

రూల్‌బుక్‌రాజు
మంచిపని చేశావు. మైదానంలో తప్పు ఒప్పుకుంటే అయిపోయినట్టే. వచ్చే వారం రెండు టీముల వాళ్ళూ ప్రతి ఈలకీ "ఇది కూడా తప్పేనా సార్" అంటారు.

గడ్డిమీదనీడ
రాజు, ఇక్కడ నీతో కలవను. 22 ఏళ్ళుగా ఊదుతున్నా. పెద్దవాళ్ళ లీగులో నువ్వన్నది కొంతవరకు నిజమే. పదేళ్ళ పిల్లాడు నియమం తెలిసి అడిగితే "అవును నాన్నా, ఉండదు. నేను పొరబడ్డాను" అనడానికి మూడు సెకన్లు పడుతుంది. వాడు దాన్ని పదేళ్ళు గుర్తుపెట్టుకుంటాడు. కోచ్‌కి, తండ్రికి సంజాయిషీ ఇవ్వక్కర్లేదు. పిల్లాడికి ఇవ్వాలి.

టచ్‌లైన్‌అమ్మ
నేనన్నదీ అదే.

రూల్‌బుక్‌రాజు
నేను మా సూపర్‌వైజర్ చెప్పింది చెప్పా. పిల్లాడి వరకైతే సరే.

వాలుగీత
తప్పు అరుపుల వల్ల జరిగిందని అందరూ అంటున్నారు. నాకైతే నిలబడ్డ చోటు వల్లే జరిగిందనిపిస్తోంది. త్రో పడేటప్పుడు నువ్వెక్కడున్నావు?

కొత్తఈల
త్రో వేసేవాడికి దగ్గర్లోనే, ఐదారడుగుల దూరంలో. కాళ్ళు లేపుతాడేమో అని పాదాలే చూస్తున్నా.

వాలుగీత
అనుకున్నా. పాదాలు చూస్తూ ఉన్నావు, అరుపు వినపడి తలెత్తావు, పిల్లాడు ఒంటరిగా కనపడ్డాడు. బంతి ఎలా వచ్చిందన్నది బుర్రలోంచి జారిపోయి, ఆ బొమ్మ ఒక్కటే మిగిలింది. ఆ బొమ్మ చూస్తే ఎవడికైనా ఆఫ్‌సైడే.

అసిస్టెంట్లు లేనప్పుడు బంతి వెనకే పరిగెత్తకు. అండర్-11లో బంతి చుట్టూ పదిమంది తేనెటీగల్లా ముసురుకుంటారు, నువ్వు పదకొండోవాడివి అవుతావు. ఒక మూల నుంచి ఎదుటి మూలకి వాలుగా తిరుగు, గుంపుకి పక్కగా ఉండు, చివరి నుంచి రెండో డిఫెండర్ కంటి కొసలో ఉండాలి. చివరి నుంచి రెండో అన్నానని గమనించు, గోలీతో కలిపి లెక్క. గోలీ ముందుకు వచ్చేశాడంటే లెక్క మారిపోతుంది, కొత్తవాళ్ళు అక్కడే దెబ్బతింటారు. ఈ వాలు పద్ధతి దాదాపు వందేళ్ళ కిందట స్టాన్లీ రౌస్ అనే రెఫరీ ప్రచారంలోకి తెచ్చింది. ఆయనే తర్వాత ఫిఫా అధ్యక్షుడయ్యాడు. అసిస్టెంట్లు ఇద్దరు ఉన్నప్పటి కోసం పుట్టింది గానీ ఒక్కడివే ఉన్నా పనికొస్తుంది.

మూడోసగం
త్రోకి ఆఫ్‌సైడ్ ఇస్తే ఫిఫా అధ్యక్షుడవుతావని అర్థమైంది నాకు.

పెద్దబూట్లు
పాదాలు చూస్తున్నానన్నావు కదా. అండర్-11లో త్రోకి కాళ్ళు లేపినా పట్టించుకోకు. ప్రతి రెండో త్రో తప్పే ఉంటుంది. అన్నీ పట్టుకుంటే ఆట నడవదు.

రూల్‌బుక్‌రాజు
ఇదిగో, మళ్ళీ. రెండు కాళ్ళూ నేలమీద ఆనాలి, బంతి తల వెనక నుంచి తలమీదుగా రావాలి. లేకపోతే త్రో అవతలి టీముకి. 15వ నియమం. పదేళ్ళప్పుడు నేర్పకపోతే పదహారేళ్ళప్పుడు నేర్చుకుంటారా?

పెద్దబూట్లు
నేర్పమనే అంటున్నా. "కాలు లేచింది, మళ్ళీ వెయ్" అను. మా పోటీల్లో చిన్న వయసు వాళ్ళకి ఒకసారి మళ్ళీ వేయనిస్తారు, రాసే ఉంది.

రూల్‌బుక్‌రాజు
మీ పోటీ నిబంధనల్లో ఉంటే చెయ్. పిల్లల ఆటకి మైదానం కొలత, బంతి సైజు, ఆట నిడివి, మార్చి బయటికి పంపిన ఆటగాడు మళ్ళీ రావడం, ఇవన్నీ నిర్వాహకులు మార్చుకునేందుకు ఐఎఫ్ఏబీ (ఫుట్‌బాల్ నియమాలు రాసే సంస్థ) అనుమతి ఉంది. రాసిలేనిది రెఫరీ సొంతంగా కలపకూడదు. ఈ వారం నువ్వు మళ్ళీ వేయనిస్తావు, వచ్చేవారం నేను వచ్చి అవతలి టీముకి ఇస్తాను. పిల్లాడికి ఏది రూలో ఎలా తెలుస్తుంది?

గడ్డిమీదనీడ
రాజు మాటలో పాయింట్ ఉంది. కొత్తఈలా, అండర్-13 నిబంధనల కాగితం తెప్పించుకుని శనివారం రాత్రి చదువు. సగానికి ఎన్ని నిమిషాలు, బంతి 4వ సైజా 5వ సైజా, పెనాల్టీ మార్కు ఎక్కడ. పెద్దల ఆటలోని 11 మీటర్లు చిన్న మైదానంలో ఉండవు. నా రెండో మ్యాచ్‌లో సగానికి 30 నిమిషాలనుకుని 25కి బదులు 30 ఆడించేశా. ఆ 28వ నిమిషంలో గోల్ పడింది. నువ్వింకా నయం.

మూడోసగం
అన్నా, ఇన్నేళ్ళ తర్వాత బయటపెట్టావు.

పదిహేనేళ్ళరెఫరీ
నాకు నిజంగానే 15. అమ్మాయిని. అండర్-9, అండర్-10 ఊదుతా. ఇంగ్లండ్‌లో 14 నిండితే కోర్సు చేయనిస్తారని తెలిసి మా కోచ్ సారే నన్నూ కోర్సులో చేర్పించారు. రూల్స్ నాకు కష్టం కాదు, నాకంటే మూడింతలు వయసున్నవాళ్ళు అరవడమే కష్టం. ఒకాయన హాఫ్‌టైమ్‌లో నా దగ్గరికొచ్చి "హోంవర్క్ చేసుకో పో" అన్నాడు. నేనేం అనలేకపోయా. పేరెంట్స్‌కి ఎల్లో కార్డు చూపించొచ్చా?

రూల్‌బుక్‌రాజు
చూపించలేవమ్మా. కార్డులు ఆటగాళ్ళకి, సబ్‌లకి (బదులు ఆటగాళ్ళకి), 2019 నుంచి కోచ్ లాంటి టీమ్ అధికారులకి. గీత బయట ప్రేక్షకుడికి కార్డు వర్తించదు. అయితే బయటి వాళ్ళ వల్ల ఆట సాగకపోతే తాత్కాలికంగా ఆపొచ్చు, పూర్తిగా రద్దూ చేయొచ్చు. అది నీ అధికారం.

గడ్డిమీదనీడ
తల్లీ, ఆ మాటన్న మనిషితో నువ్వు నేరుగా మాట్లాడకు. ఎప్పటికీ. నువ్వు ఒక్కదానివి, వాళ్ళు గుంపు. బంతి బయటికి పోయినప్పుడు ఆట ఆపు, ఆ టీమ్ కోచ్‌ని గీత దగ్గరికి పిలువు. గొంతు తగ్గించి చెప్పు: "ఆ నీలం చొక్కా ఆయన మీ వైపు మనిషి. మీరు వెళ్ళి మాట్లాడండి, మీరొచ్చాక ఆట మొదలుపెడతా." అని కదలకుండా నిలబడు. కోచ్ వెళ్తాడు. ఎందుకంటే మైదానమంతా ఆగి అతన్నే చూస్తుంటుంది. నేను ఇది ఇరవైసార్లయినా చేసుంటా, రెండోసారి పిలవాల్సొచ్చింది మూడు నాలుగుసార్లే. పూర్తిగా ఆపేసింది ఒక్కసారి.

అయ్యాక రిపోర్టులో అన్న మాట అన్నట్టే రాయి. "అసభ్యంగా మాట్లాడారు" అని రాస్తే కమిటీకి ఏమీ తెలియదు. "హోంవర్క్ చేసుకో పో అన్నారు, హాఫ్‌టైమ్, 25వ నిమిషం, హోమ్ టీమ్ బెంచీ వెనక" అని రాయి. కొత్తఈలా, గేటు దగ్గర విన్నవి నువ్వూ రాసి పంపు, ఇక్కడ రాయకపోయినా.

కొత్తఈల
నాదే తప్పు కదా, దాని మీద ఫిర్యాదు ఏం చేస్తాను అనిపించింది.

టచ్‌లైన్‌అమ్మ
ఆఫ్‌సైడ్ మీ తప్పు. గేటు దాకా వెంటపడ్డం ఆయన తప్పు. రెండింటినీ కలపకండి. పేరెంట్‌గా చెప్తున్నా.

పాతలైన్స్‌మన్
ఈ విషయం నవ్వులాటగా తీసుకోవద్దు. 2012 డిసెంబర్‌లో నెదర్లాండ్స్‌లో కుర్రాళ్ళ మ్యాచ్‌కి కొడుకు టీమ్ తరఫున లైన్స్‌మన్‌గా నిలబడ్డ ఒక తండ్రిని, మ్యాచ్ అయ్యాక అవతలి టీమ్ వాళ్ళు కొట్టి చంపేశారు. ఆ వారాంతం ఆ దేశంలో అమెచ్యూర్ మ్యాచ్‌లన్నీ ఆపేశారు. 2023లో ఇంగ్లండ్‌లో కింది స్థాయి రెఫరీల ఛాతీకి కెమెరాలు కట్టి ప్రయోగం చేశారు, అరుపులు తిట్లు తగ్గుతాయేమో చూద్దామని. నేను కొత్తవాళ్ళకి చెప్పేది ఒకటే. ఒంటరిగా మైదానం దాటకండి. ఎవరైనా ఒక కోచ్‌ని, నిర్వాహకుడిని పక్కన నడవమనండి. సిగ్గుపడాల్సిన పని కాదు.

పదిహేనేళ్ళరెఫరీ
మా అమ్మ వస్తుంది ప్రతి మ్యాచ్‌కీ. ఆమెకి ఆఫ్‌సైడ్ ఇప్పటికీ అర్థం కాలేదు, అందుకే గొడవలేదు.

మూడోసగం
ఈ థ్రెడ్ మొత్తంలో నాకు నచ్చిన పోస్టు ఇదే.

పెద్దబూట్లు
కాస్త ఊపిరి తీసుకునే విషయాలు చెప్పుకుందాం. బ్యాగులో ఏముండాలి? నావి: రెండు విజిళ్ళు, రెండు వాచీలు, రెండు పెన్సిళ్ళు (వానలో పెన్ను రాయదు), నాణెం, చిన్న పంపు, మడమలకి ప్లాస్టర్. ఎల్లో కార్డు చొక్కా జేబులో, రెడ్ కార్డు షార్ట్స్ వెనక జేబులో. రెండూ ఒకే చోట పెట్టుకుంటే ఏదో ఒకరోజు పసుపు అనుకుని ఎరుపు తీస్తావు.

వాలుగీత
విజిల్ లోపల గోళీ లేనిది కొనుక్కో. గోళీ ఉన్నది ఉమ్ము చేరితే, వాన తడిస్తే ఇరుక్కుపోతుంది. గోళీ లేని ఫాక్స్ 40 విజిల్ 1987లో తయారుచేసింది కూడా ఒక కెనడా బాస్కెట్‌బాల్ రెఫరీనే, తన విజిల్ కీలక సమయంలో మొరాయించాక. ఇంట్లో సాధన చెయ్, తలుపులేసుకుని. పొట్టలోంచి ఊదాలి, బుగ్గల్లోంచి కాదు. నాలుకతో అడ్డేసి ఒక్కసారి వదులు, "ట్" అన్నట్టు. మామూలు త్రోకి, గోల్ కిక్‌కి అసలు ఊదక్కర్లేదు, చెయ్యి చూపిస్తే చాలు. ఫౌల్‌కి ఒకటి గట్టిగా. దానికీ దీనికీ ఊదితే ఫౌల్ ఈల విలువ పోతుంది.

కొత్తఈల
బంతి బయటికెళ్ళిన ప్రతిసారీ ఊదా నేను. పిల్లికూన అందుకే చచ్చిపోయిందేమో సగంలో.

రూల్‌బుక్‌రాజు
పుస్తకంలో నంబర్‌తో పాటు టీమ్ పేరు కూడా రాయి. 2006 వరల్డ్ కప్, క్రొయేషియా-ఆస్ట్రేలియా. గ్రాహం పోల్ క్రొయేషియా 3వ నంబర్ షిమునిచ్‌కి మూడు ఎల్లో కార్డులు చూపించాడు. రెండోదానికే బయటికి పంపాల్సింది. అది ఆస్ట్రేలియా 3వ నంబర్ ఖాతాలో రాసుకున్నాడు. షిమునిచ్ పుట్టి పెరిగింది ఆస్ట్రేలియాలోనే, మాట్లాడే యాసా అదే. అక్కడ అసిస్టెంట్లు, నాలుగో రెఫరీ, కెమెరాలు, అన్నీ ఉన్నాయి.

గడ్డిమీదనీడ
ఇదీ గుర్తుపెట్టుకో కొత్తఈలా. ఆయన ప్రపంచంలో మంచి రెఫరీల్లో ఒకడు ఆ రోజుకి. నీది అండర్-11, మొదటి మ్యాచ్.

మూడోసగం
కార్డులు అసలు కనిపెట్టింది కూడా ఒక రెఫరీయే కదా, ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర కారు ఆపుకుని?

రూల్‌బుక్‌రాజు
అవును, కెన్ ఆస్టన్. 1966 వరల్డ్ కప్‌లో ఎవరికి వార్నింగ్ ఇచ్చారో ఆటగాళ్ళకే తెలియని గందరగోళం తర్వాత. 1970 మెక్సికో వరల్డ్ కప్‌లో మొదటిసారి వాడారు.

గోలీనాన్న
మధ్యలో ఒక డౌట్. మా వాడు గోలీ. బంతి పట్టుకుని 6 సెకన్లు దాటితే ఇన్‌డైరెక్ట్ ఫ్రీ కిక్ (నేరుగా గోల్ కొట్టడానికి లేనిది) అనేవారు. పోయినవారం రెఫరీ కార్నర్ ఇచ్చాడు. అదేంటి, కొత్త రకం తప్పా?

రూల్‌బుక్‌రాజు
తప్పు కాదు. 2025-26 నియమాల్లో మారింది. 8 సెకన్లు, దాటితే అవతలి టీముకి కార్నర్. చివరి 5 సెకన్లు రెఫరీ చెయ్యెత్తి వేళ్ళతో లెక్కపెడతాడు. నియమాలు ఏటా మారుతుంటాయి, జూలై 1 నుంచి అమలు.

పెద్దబూట్లు
పిల్లలకైతే నేను ముందు నోటితోనే చెప్తా: "గోలీ, వదిలెయ్ నాన్నా." చాలాసార్లు వాళ్ళు బంతి ఎవరికివ్వాలో తెలీక బిక్కమొహమేసి నిలబడతారు, టైమ్ తినడానికి కాదు.

గోలీనాన్న
మా వాడు అదే. థ్యాంక్సండీ. ఆ రెఫరీని ఇంట్లో తిట్టా, వెనక్కి తీసుకుంటున్నా.

గడ్డిమీదనీడ
కొత్తఈలా, ఆదివారానికి ఇంకొక్కటి. మిగతావన్నీ మర్చిపోయినా ఇది మర్చిపోకు. 40 నిమిషాల ముందు చేరు, గోల్‌పోస్టులు కదిపి చూడు. అటూ ఇటూ మోసుకెళ్ళే గోల్స్ నేలకి గట్టిగా బిగించి ఉండాలని 1వ నియమంలోనే ఉంది. ఒకసారి అండర్-8 మ్యాచ్‌కి ముందు ఒక పోస్టు మీద ఒంటి చేత్తో తోశా. వెనక చట్రం జానెడు లేచింది. మేకులు లేవు, ఇసుక బస్తాలు లేవు. అంతకు ఐదు నిమిషాల ముందే ఇద్దరు బుడ్డోళ్ళు ఆ వల పట్టుకుని వేలాడుతున్నారు. బిగించేదాకా మొదలుపెట్టనన్నా. ఇద్దరు కోచ్‌లూ సణిగారు, 25 నిమిషాలు ఆలస్యమైంది. ఎవరో వ్యాన్లోంచి బస్తాలు తెచ్చారు. ఆ రోజు ఊదిన ఫౌల్ ఒక్కటీ గుర్తులేదు నాకు. ఆ చట్రం లేవడం మాత్రం ఇప్పటికీ చేతికి తెలుస్తుంది.

పాతలైన్స్‌మన్
దానితో పాటు ఉరుము కూడా. వినపడితే అందరినీ బయటికి పంపు, ఆఖరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగు. స్కోరు 5-5 అయినా సరే. తలకి దెబ్బ తగిలిన పిల్లాడు "బానే ఉన్నా" అంటే నమ్మకు, అనుమానం ఉంటే బయటే కూర్చోబెట్టించు.

పదిహేనేళ్ళరెఫరీ
చెవి పోగులు కూడా! టేపు చుట్టుకుని ఆడతామంటారు. టేపు చుట్టినా ఒప్పుకోకూడదని కోర్సులో చెప్పారు. తీయలేదని ఒకమ్మాయిని ఆడనివ్వలేదు, వాళ్ళమ్మ నన్ను చూసిన చూపు...

రూల్‌బుక్‌రాజు
4వ నియమం. సెభాష్.

కొత్తఈల
వస్తానని చెప్పేశా. మళ్ళీ వచ్చి రాస్తా. పరువు దక్కితే.

కొత్తఈల
(ఆదివారం సాయంత్రం)
అయింది. వరసగా చెప్పేస్తా.

40 నిమిషాల ముందే వెళ్ళా. పోస్టులు గట్టిగానే ఉన్నాయి. ఇద్దరు కోచ్‌లనీ పిలిచి "నాకిది రెండో మ్యాచ్. మీ వైపు పేరెంట్స్ గీతకి రెండడుగులు వెనకుండేలా చూడండి" అన్నా. రెండో మ్యాచ్ అని చెప్పాలా వద్దా అని దారంతా ఆలోచించా, చెప్పేశా. ఒక కోచ్ నవ్వి "నాది కూడా రెండో మ్యాచే" అన్నాడు.

ఈల బాగా వచ్చింది. వారమంతా బాత్‌రూమ్‌లో ఊదా, ఇంట్లోవాళ్ళు తలుపు కొట్టారు.

ఇప్పుడు అసలు సంగతి. సెకండాఫ్‌లో కార్నర్. వాలుగీత గారు వద్దన్న చోటే నిలబడ్డా, పెనాల్టీ బాక్స్ లోపల, గుంపులో. ఒకడు కొట్టిన బంతి నా మోకాలికి తగిలి, దిశ మారి, గోల్లోకి పోయింది. నేను గోల్ కొట్టాను! ఒక వైపంతా ఎగురుతున్నారు. ఇంకో వైపు "రెఫరీ కొట్టిన గోల్ ఎలా ఇస్తావ్" అని అరుపులు. విజిల్ చేతిలోనే ఉంది. చెయ్యి లేస్తుంటే ఆపా. కోర్సు పుస్తకంలో పేజీ కళ్ళముందుకి తెచ్చుకున్నా. రెఫరీకి తగిలి నేరుగా గోల్లోకి పోతే గోల్ కాదు, డ్రాప్డ్ బాల్ (రెఫరీ చేత్తో బంతి వదిలి ఆట మళ్ళీ మొదలుపెట్టడం). పెనాల్టీ బాక్స్‌లో కాబట్టి గోలీకి. అప్పుడు ఊదా. అందరినీ 4 మీటర్లు వెనక్కి పంపి గోలీకి బంతి వదిలా. గొడవ పెద్దగా అవలేదు, కొట్టిన పిల్లాడు మాత్రం "సార్, మీరు గోలీ కంటే బాగా ఆపారు" అన్నాడు.

ఒక త్రో వేరేవాళ్ళకి ఇచ్చేశా, అది తప్పే. ఒక హ్యాండ్‌బాల్ ఇవ్వలేదు, మొహానికి అడ్డుపెట్టుకుంది, చెయ్యి ఒంటికి అంటుకునే ఉంది. పెద్దాయనొకరు చాలాసేపు అరిచారు. కోచ్‌ని పిలిచి నిలబడ్డా. కోచ్ వెళ్ళాడు.

టచ్‌లైన్‌అమ్మ
మోకాలు ఎలా ఉంది?

వాలుగీత
కార్నర్‌కి గుంపులో నిలబడొద్దని ఎన్నిసార్లు... సరే, నేనూ ఒకసారి నా వీపుతో ఒక గోల్ ఆపా.

మూడోసగం
2019కి ముందైతే అది గోలే. స్కోర్‌షీట్‌లో నీ పేరు రాయాల్సొచ్చేది.

రూల్‌బుక్‌రాజు
నిర్ణయం కరెక్ట్. ఒక్కటే అడుగుతా. నువ్వు వదిలిన బంతిని గోలీ ఎలా అందుకున్నాడు?

కొత్తఈల
చేతులతో. గబుక్కున పట్టేసుకున్నాడు.

రూల్‌బుక్‌రాజు
నేలకి తగిలాకా, తగలకముందా?

కొత్తఈల
...

కొత్తఈల
తగలకముందు.

రూల్‌బుక్‌రాజు
నేలకి తగిలేదాకా ఆట మొదలవదు. ముందే తాకితే మళ్ళీ వదలాలి.

గడ్డిమీదనీడ
రాజూ, ఇవాళ్టికి వదిలెయ్ వాణ్ణి. కొత్తఈలా, వచ్చేవారం ఎక్కడ వేశారు?

కొత్తఈల
మళ్ళీ అండర్-11 అండీ. పాత టీమే. 10వ నంబర్ పిల్లాడి టీమ్.